ఒక ఆట, ఒక పుట: బాస్కెట్‌బాల్ రెఫరెన్స్ గణాంకాల సేవపై సమీక్ష

అమెరికాలో వృత్తిగా ఆడే బాస్కెట్‌బాల్ పోటీల గణాంకాలను ఉచితంగా అందించే సేవల్లో బాస్కెట్‌బాల్ రెఫరెన్స్ ముందు వరుసలో ఉంటుంది. 2004లో జస్టిన్ కుబాట్కో మొదలుపెట్టిన ఈ సేవ తరువాతి కాలంలో ఫిలడెల్ఫియా కేంద్రంగా పనిచేసే స్పోర్ట్స్ రెఫరెన్స్ సంస్థలో భాగమైంది. ఆటగాళ్ల జీవితకాల సగటులు, జట్ల చరిత్ర, డ్రాఫ్టుల వివరాలు, పురస్కారాల జాబితాలు అన్నీ ఇందులో దొరుకుతాయి గాని, ఈ సమీక్ష వాటి జోలికి పోదు. ఒక్క ఆటకు సంబంధించిన పుట, అంటే అందరూ బాక్స్ స్కోర్ అని పిలిచే పట్టికల సముదాయం, ఆ ఆటను ఎంతవరకు అర్థం చేయిస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నదే ఇక్కడి విషయం.

పరీక్షించడానికి 2016 ఎన్‌బీఏ (అమెరికాలోని ప్రధాన వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్) ఫైనల్స్ ఏడో ఆట పుటను ఎంచుకున్నాను; ఫైనల్స్‌లో ముందుగా నాలుగు ఆటలు గెలిచిన జట్టుదే ట్రోఫీ. ఆ ఏడాది జూన్ 19న ఓక్లాండ్‌లోని ఒరాకిల్ అరీనాలో 19,596 మంది ప్రేక్షకుల ఎదుట క్లీవ్‌లాండ్ కావలియర్స్ 93–89 స్కోరుతో గోల్డెన్ స్టేట్ వారియర్స్‌ను ఓడించింది. రెగ్యులర్ సీజన్‌లో 73 ఆటలు గెలిచి కేవలం 9 ఓడిన జట్టు, ఫైనల్స్‌లో 3–1 ఆధిక్యం దక్కాక కూడా సొంతగడ్డపై ట్రోఫీని చేజార్చుకున్న ఆట అది. ఫైనల్స్‌లో 3–1తో వెనుకబడి తిరిగి గెలిచిన జట్టు అంతకుముందు ఒక్కటీ లేదు. ఆట మొదలయ్యేసరికి మన దేశంలో సోమవారం ఉదయం ఐదున్నర. శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మాత్రం అది ఆదివారం సాయంత్రం, పైగా ఓడిపోయింది వారి ఊరి జట్టు. ఎందరో చూసిన, ఏళ్ల తరబడి మాట్లాడుకున్న ఆట కాబట్టి, పట్టికలు చెప్పేదాన్నీ కళ్లు చూసినదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఇంతకంటే అనువైనది దొరకదనిపించింది.

పుట తెరవగానే తుది స్కోరు, దాని కింద క్వార్టర్లవారీ పాయింట్ల చిన్న పట్టిక కనిపిస్తాయి. కావలియర్స్ వరుసలో 23, 19, 33, 18. వారియర్స్ వరుసలో 22, 27, 27, 13. ఈ ఎనిమిది అంకెలు చూస్తేనే ఆట నడక చాలావరకు తెలిసిపోతుంది. విరామ సమయానికి వారియర్స్ 49–42తో ముందుంది. మూడో క్వార్టర్‌లో కావలియర్స్ 33 పాయింట్లు చేసి దాదాపు సమానం చేసింది. చివరి క్వార్టర్‌కు ముందు వారియర్స్ 76–75తో ముందుంది. ఇక ఆ సీజన్‌లో ప్రత్యర్థులను పరుగులు పెట్టించిన జట్టు చివరి 12 నిమిషాల్లో చేసింది 13 పాయింట్లే. ఆ 13 అన్న అంకెకు వెనుక మరింత కఠినమైన నిజం ఒకటుంది: ఆట ముగియడానికి 4 నిమిషాల 39 సెకన్ల ముందు క్లే థామ్సన్ స్కోరును 89–89 చేశాక వారియర్స్‌కు ఇంకొక్క పాయింటు కూడా రాలేదు. ఇది క్వార్టర్ల పట్టికలో కనబడదు. అక్కడే ఉన్న లంకె నొక్కి, సెకన్ల లెక్కన ప్రతి సంఘటననూ వరుసగా చూపించే పుటకు వెళ్లాలి. ఆ లంకె పైభాగంలోనే ఉండటం మంచి ఏర్పాటు.

దాని తరువాత రెండు జట్ల ఆటగాళ్ల పట్టికలు వస్తాయి. తొలి ఐదుగురు పైన, బెంచి నుంచి వచ్చినవారు కింద, అట్టడుగున జట్టు మొత్తాల వరుస. ప్రతి ఆటగాడికీ ఆడిన నిమిషాలు, వేసిన షాట్లు, పడినవి, వాటిలో త్రీ పాయింటర్లు (దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు), ఫ్రీ త్రోలు (ప్రత్యర్థి ఫౌలుకు దక్కే ఒక్కో పాయింటు షాట్లు), దాడిలోనూ కాపుదలలోనూ పట్టిన రెండు రకాల రీబౌండ్లు (తప్పిన షాటు తరువాత బంతిని పట్టుకోవడం), అసిస్టులు (సహచరుడి షాటుకు దారితీసిన పాసులు), స్టీళ్లు (ప్రత్యర్థి నుంచి బంతి లాక్కోవడం), బ్లాకులు (షాటును అడ్డుకోవడం), టర్నోవర్లు (షాటు వేయకుండానే బంతి పోగొట్టుకోవడం), ఫౌళ్లు, పాయింట్లు, చివరగా ప్లస్-మైనస్ ఉంటాయి. క్రికెట్ స్కోరు కార్డుకు అలవాటుపడిన తెలుగు పాఠకుడి చూపు సహజంగా పాయింట్ల గడి మీదికే వెళ్తుంది. అక్కడ పరుగుల గడి బ్యాట్స్‌మన్ కథను చాలావరకు చెప్పేస్తుంది, ఎందుకంటే అవుటైతే అతని ఆట అయిపోయినట్లే. ఇక్కడ ఎన్ని షాట్లు పోగొట్టినా ఆటగాడు బంతి అడుగుతూనే ఉండవచ్చు. కాబట్టి పాయింట్లను, వాటి కోసం వేసిన షాట్లను విడదీసి చూస్తే తప్పుదారి పట్టినట్లే. అందుకే ఆటగాళ్ల పేర్లను కాసేపు పక్కనపెట్టి అట్టడుగు వరుసతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

ఆ అట్టడుగు వరుసలోనే ఈ ఆట రహస్యం ఉంది. వారియర్స్ 41 త్రీ పాయింటర్లు వేస్తే 15 పడ్డాయి. కావలియర్స్ 25 వేస్తే 6 మాత్రమే పడ్డాయి. అంటే దూరం నుంచి వారియర్స్‌కు 45 పాయింట్లు, కావలియర్స్‌కు 18 పాయింట్లు. ఒక్క ఈ పద్దులోనే 27 పాయింట్ల తేడా ఉన్నప్పుడు నాలుగు పాయింట్లతో గెలిచింది వెనుకబడిన జట్టే అంటే ముందు నమ్మబుద్ధి కాదు. అయితే మొత్తం షాట్లలోంచి త్రీలను తీసివేసి చూడండి. కావలియర్స్ 82 షాట్లలో 33, వారియర్స్ 83 షాట్లలో 32 వేసుకున్నాయి కాబట్టి, రెండు పాయింట్ల షాట్లలో కావలియర్స్‌కు 57కు 27, వారియర్స్‌కు 42కు 17 పడ్డాయి. పాయింట్లలో చెప్పాలంటే 54కు 34. ఇక్కడ 20 పాయింట్లు తిరిగొచ్చాయి. మిగిలింది ఫ్రీ త్రోలు: కావలియర్స్ 25కు 21, వారియర్స్ 13కు 10. ఇంకో 11 పాయింట్లు. ఇరవై, పదకొండు కలిపితే 31. అందులోంచి 27 పోతే మిగిలేది సరిగ్గా 4. కాగితం మీద పద్దు రాసినట్లు ఆట మొత్తం సరిపోతుంది. ఆ లెక్కకు కావలసిన ప్రతి అంకె ఒకే వరుసలో, వెతుక్కునే అవసరం లేకుండా దొరకడమే ఈ పుట ఇచ్చే అసలు సౌకర్యం. అయితే రెండు పాయింట్ల షాట్లకు విడిగా గడి లేదు. తీసివేతను పాఠకుడే చేసుకోవాలి. ఆ ఒక్క గడి చేర్చి ఉంటే కొత్తవారికి ఎంతో ఉపకారమయ్యేది.

క్వార్టర్ల పట్టికకు దగ్గరలోనే నాలుగు కారకాల పట్టిక అని మరొక చిన్నది ఉంటుంది. ఆట గెలుపోటములను షాట్ల నాణ్యత, టర్నోవర్లు, ప్రత్యర్థి రింగు దగ్గర పట్టే రీబౌండ్లు, ఫ్రీ త్రోలు అనే నాలుగింటితో వివరించవచ్చని గణాంక నిపుణుడు డీన్ ఆలివర్ ప్రతిపాదించాడు. వాటికి ఆయన ఇచ్చిన ప్రాముఖ్యం వరుసగా 40, 25, 20, 15 శాతం. షాట్ల నాణ్యతను కొలవడానికి వాడే సూత్రం తేలికైనదే: త్రీ పాయింటర్ విలువ మామూలు షాటుకు ఒకటిన్నర రెట్లు కాబట్టి, పడిన షాట్లకు పడిన త్రీలలో సగం కలిపి, వేసిన మొత్తం షాట్లతో భాగించాలి. కావలియర్స్‌కు 33కు 3 కలిపి 82తో భాగిస్తే 43.9 శాతం, వారియర్స్‌కు 32కు ఏడున్నర కలిపి 83తో భాగిస్తే 47.6 శాతం. అన్నింటికంటే ముఖ్యమని ఆలివర్ చెప్పిన కారకంలో ఓడిన జట్టే మెరుగ్గా ఉంది. మామూలుగా అయితే ఈ తేడాతోనే ఆట తేలిపోతుంది. ఇక్కడ దాన్ని తలకిందులు చేసినవి ఆయన చివరి రెండు స్థానాల్లో పెట్టిన కారకాలు. ఫ్రీ త్రోలను వేసిన షాట్లతో భాగిస్తే కావలియర్స్‌కు 0.256 వస్తుంది, వారియర్స్‌కు 0.120 వస్తుంది, అంటే రెట్టింపుకు పైనే. మొత్తం రీబౌండ్లు కావలియర్స్‌కు 48, వారియర్స్‌కు 39. సగటున ఏది ముఖ్యమో చెప్పే బరువులు ఒక్క రాత్రి ఆటకు వర్తించకపోవచ్చని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు. అయినా నాలుగు కారకాల పట్టిక వృథా కాదు. ఎక్కడ వెతకాలో చూపించింది అదే.

ఇప్పుడు పేర్ల దగ్గరికి రావచ్చు. కావలియర్స్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ వరుసలో 27 పాయింట్లు, 11 రీబౌండ్లు, 11 అసిస్టులు, 2 స్టీళ్లు, 3 బ్లాకులు ఉన్నాయి. ఫైనల్స్ ఏడో ఆటలో ట్రిపుల్ డబుల్ (మూడు గడుల్లో పది లేదా అంతకు మించిన అంకె) సాధించిన మూడో ఆటగాడు అతను. అంతకుముందు 1969లో జెర్రీ వెస్ట్, 1988లో జేమ్స్ వర్తీ మాత్రమే ఆ పని చేశారు. అదే వరుసలో కొంచెం ఎడమకు చూస్తే 24 షాట్లకు 9 మాత్రమే పడ్డాయని ఉంటుంది. ఫ్రీ త్రోలను కూడా కలుపుకుని షాట్ల సామర్థ్యాన్ని కొలిచే ట్రూ షూటింగ్ శాతం ప్రకారం అతనిది 47.5. ఇది ఏ ప్రమాణంతో చూసినా గొప్ప అంకె కాదు. కాని అదే వరుసలో 10 ఫ్రీ త్రోలకు 8 పడ్డాయని కూడా ఉంది. వారియర్స్ జట్టంతా కలిసి సంపాదించిన ఫ్రీ త్రోలు 13 అని గుర్తుంచుకుంటే, షాట్లు పడని రాత్రి కూడా అతను రింగు వైపు దూసుకెళ్లడం మానలేదని ఆ గడే చెబుతుంది. సహచరుడు కైరీ అర్వింగ్ 23 షాట్లకు 10 వేసి 26 పాయింట్లు చేశాడు.

పట్టికలో అందరికంటే మెరిసే వరుస మాత్రం ఓడిన జట్టుది. డ్రేమండ్ గ్రీన్ 15 షాట్లకు 11, అందులో త్రీలు 8కి 6, ఫ్రీ త్రోలు 4కు 4. మొత్తం 32 పాయింట్లు, 15 రీబౌండ్లు, 9 అసిస్టులు. ట్రూ షూటింగ్ శాతం 95 దాటింది. ఇంకొక్క అసిస్టు ఉంటే అతనికీ ట్రిపుల్ డబుల్ దక్కేది. పుటలో క్వార్టర్లవారీగా, సగాలవారీగా పట్టికలను మార్చి చూసే వీలుంది. తొలి సగం నొక్కితే గ్రీన్ పాయింట్లలో 22 అప్పటికే వచ్చేశాయని, ఆ సగంలో అతను వేసిన ఐదు త్రీలూ పడ్డాయని తెలుస్తుంది. రెండో సగంలో అతనికి దక్కినవి పదే. ఈ ఏర్పాటును ఎక్కువమంది గమనించరు గాని, ఆట ఎక్కడ మలుపు తిరిగిందో తెలుసుకోవాలనుకునేవారు ముందు చూడవలసింది దీన్నే.

గ్రీన్‌కు పైన కింద ఉన్న వరుసల్లో వారియర్స్ ఓటమి కారణం ఉంది. స్టెఫెన్ కరీ 19 షాట్లకు 6, త్రీలు 14కు 4. క్లే థామ్సన్ 17కు 6, త్రీలు 10కి 2. ఆ సీజన్‌లో కరీ వేసిన త్రీలలో 402 పడి, అతను అప్పటివరకు ఎవరూ ఊహించని రికార్డు నెలకొల్పాడు, ఏకగ్రీవంగా ఉత్తమ ఆటగాడిగా ఎన్నికయ్యాడు. అలాంటి జంట కలిసి 24 త్రీలు వేస్తే పడినవి ఆరు. మిగతా జట్టు మాత్రం 17కు 9 వేసింది. అంటే పైన చెప్పిన 27 పాయింట్ల ఆధిక్యం కూడా వారి ఇద్దరి వల్ల వచ్చింది కాదు, వారు తడబడుతున్నా వచ్చింది. జట్టు మొత్తాల వరుస ఒక్కటే చూసి ఆగిపోతే ఈ సంగతి తెలియదు. అందుకే అట్టడుగు వరుసతో మొదలుపెట్టాలని అన్నాను గాని అక్కడే ఆగమని కాదు.

ఇక పట్టిక కుడిచివర ఉండే ప్లస్-మైనస్. ఆటగాడు మైదానంలో ఉన్న నిమిషాల్లో అతని జట్టు ప్రత్యర్థి కంటే ఎన్ని పాయింట్లు ఎక్కువ చేసింది, లేదా తక్కువ చేసింది అన్నది ఇందులో ఉంటుంది. ఈ గడిని ఒక్క ఆటకు వాడటం ప్రమాదకరమని చాలామంది చెబుతారు, అది నిజమే. మిగతా తొమ్మిదిమంది చేసిన మంచిచెడులన్నీ అందులో కలిసిపోతాయి. అయినా కెవిన్ లవ్ వరుస చూడండి. 9 పాయింట్లు, 14 రీబౌండ్లు. 3 షాట్లు పడితే 6 పోయాయి. పాయింట్ల కోసం చూసే కన్ను దాటిపోయే వరుస అది. కాని చివరి గడిలో ప్లస్ 19 ఉంది, మైదానంలో దిగిన అందరిలోకీ అత్యధికం. జట్టు మొత్తంగా గెలిచింది 4 పాయింట్లతో కాబట్టి, అతను బెంచిపై కూర్చున్న సమయంలో కావలియర్స్ 15 పాయింట్లు వెనుకబడిందన్నమాట. అది యాదృచ్ఛికమా, అతని రీబౌండ్ల ఫలమా అన్నది అంకె చెప్పదు. ఏ ఆటగాడు ఎప్పుడు దిగాడు, ఎప్పుడు బయటికి వెళ్లాడు, ఆ వ్యవధిలో స్కోరు ఎలా మారింది అన్నది గీతలుగా చూపించే ప్లస్-మైనస్ చార్టు విడిగా ఉంది. అనుమానం ఉన్నవారు దాన్ని తెరిచి ముక్కలు ముక్కలుగా పరిశీలించుకోవచ్చు.

ఇంతవరకు చెప్పినవన్నీ ఈ సేవ బలాలు. దీని బలహీనత, నిజానికి బాక్స్ స్కోర్ అనే పద్ధతికే ఉన్న బలహీనత, చివరి రెండు నిమిషాల్లో బయటపడుతుంది. స్కోరు 89–89 ఉండగా, ఇంకా 1 నిమిషం 50 సెకన్లు మిగిలి ఉండగా, అర్వింగ్ షాటు తప్పితే రీబౌండ్ పట్టుకున్న వారియర్స్ ఆటగాడు ఆండ్రే ఇగువడాలా పరుగందుకున్నాడు. కరీకి ఇచ్చి తిరిగి బంతి అందుకుని రింగు వైపు లేచాడు. అతనికి అడ్డంగా కావలియర్స్ ఆటగాడు జేఆర్ స్మిత్ ఉన్నాడు. స్మిత్ బంతిని తాకలేదు గాని, అతన్ని తప్పించుకోవడానికి ఇగువడాలా గాలిలోనే బంతి పట్టును మార్చుకోవలసి వచ్చింది. ఆ రెప్పపాటు ఆలస్యంలోనే వెనుక నుంచి పరుగెత్తుకొచ్చిన జేమ్స్ బంతిని బోర్డుకు అదిమి కొట్టాడు. పట్టికలో దీని జాడ ఇంతే: ఇగువడాలా వేసి పోగొట్టిన షాట్లలో ఒకటి, జేమ్స్ బ్లాకుల గడిలో ఉన్న మూడింటిలో ఒకటి. స్మిత్ చేసిన పనికి ఏ గడీ లేదు. తరువాత 53 సెకన్లు ఉండగా అర్వింగ్ త్రీ వేసి 92–89 చేశాడు. మరుసటి దాడిలో లవ్ తనకంటే ఎంతో చురుకైన కరీని ఎటూ కదలనివ్వకుండా కాచుకుంటే కరీ వేసిన త్రీ పోయింది. పట్టికలో అది కరీ లెక్కలో ఒక తప్పిన షాటు. లవ్ లెక్కలో సున్న. ఆ ఆట గెలిపించిన కాపుదలలో అగ్రభాగం ఈ రెండు దాడులదే, రెంటిలోనూ పట్టిక కళ్లు మూసుకుంది.

ఈ లోటు పూడ్చడానికే అన్నట్లు ఆటగాళ్ల పట్టికల కింద మరో పట్టిక ఉంటుంది. ప్రతి ఆటగాడి దాడి రేటింగు, కాపుదల రేటింగు (వంద దాడులకు చేసిన, ఇచ్చిన పాయింట్ల అంచనాలు), అతను మైదానంలో ఉన్నప్పుడు ఎంత శాతం దాడులు అతని చేతుల మీదుగా ముగిశాయి, ఎంత శాతం రీబౌండ్లు అతనికి దక్కాయి వంటివి ఇందులో ఉంటాయి. వాటిలో శాతాల గడులు బాగా పనికొస్తాయి. తక్కువ నిమిషాలు ఆడినవారిని ఎక్కువ నిమిషాలు ఆడినవారితో పోల్చడానికి అవే దారి. కాపుదల రేటింగు గురించి మాత్రం హెచ్చరించాలి. అది ఆ ఆటగాడి స్టీళ్లు, బ్లాకులు, కాపుదల రీబౌండ్లను జట్టు మొత్తం కాపుదలతో కలిపి వేసిన అంచనా. ఎవరు ఎవరిని కాచుకున్నారో దానికి తెలియదు. పక్కనే ఉన్న పాయింట్లలాగా అదీ లెక్కపెట్టిన అంకే అనుకుని చదివితే పొరపాటు. లెక్కపెట్టిన అంకెలకూ, అంచనా వేసిన అంకెలకూ రంగులోనో అక్షరాల్లోనో తేడా చూపించి ఉంటే బాగుండేది.

లెక్కపెట్టిన అంకెలు కూడా మనిషి నిర్ణయం మీద ఆధారపడినవేనన్న సంగతీ చెప్పుకోవాలి. ప్రతి అరీనాలోనూ మైదానం పక్కన బల్ల దగ్గర కూర్చునే స్కోరర్లే వీటిని నమోదు చేస్తారు. ఏ పాసును అసిస్టుగా లెక్కించాలి అన్నది చాలాసార్లు వారి విచక్షణ. తరువాత లీగ్ వాటిని సరిచూసి, అవసరమైతే మారుస్తుంది. 2023 మార్చిలో వాషింగ్టన్ విజార్డ్స్‌తో ఆట చివరి సెకన్లలో మిల్వాకీ బక్స్ ఆటగాడు యానిస్ అంతెటొకుంపొ పదో రీబౌండ్ కోసం బంతిని బోర్డుకు విసిరి తానే పట్టుకుంటే, అది నిజమైన షాటు ప్రయత్నం కాదంటూ లీగ్ మర్నాడు ఆ రీబౌండును కొట్టేసింది. ట్రిపుల్ డబుల్ పోయి 23 పాయింట్లు, 13 అసిస్టులు, 9 రీబౌండ్లు మిగిలాయి. ఆట ముగిసిన గంటలో తీసుకున్న అంకెలకూ, వారం తరువాత చూసిన అంకెలకూ ఎక్కడైనా తేడా కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు.

పాత ఆటల విషయంలో ఈ సేవకు సాటి లేదని చెప్పాలి. 1962 మార్చి 2న పెన్సిల్వేనియాలోని హర్షీలో ఫిలడెల్ఫియా వారియర్స్ 169–147 స్కోరుతో న్యూయార్క్ నిక్స్‌ను ఓడించిన రాత్రి విల్ట్ ఛాంబర్లెయిన్ 100 పాయింట్లు చేశాడు. ఆ ఆట వీడియో ఎక్కడా లేదు. చూసినవారు 4,124 మంది. మనకు మిగిలింది ప్రధానంగా ఈ పట్టికే: 63 షాట్లకు 36, ఫ్రీ త్రోలు 32కు 28, రీబౌండ్లు 25. ఫ్రీ త్రోలు వేయడంలో జీవితమంతా అగచాట్లు పడ్డ మనిషి, సగటున రెండింటికి ఒకటి మాత్రమే వేసినవాడు, ఆ రాత్రి ఎనిమిదింటికి ఏడు చొప్పున వేయడమే ఆ వరుసలో నన్ను అన్నింటికంటే ఎక్కువ ఆకట్టుకున్నది. 2006 జనవరి 22న టొరంటో రాప్టర్స్‌పై కోబీ బ్రయంట్ చేసిన 81 పాయింట్ల పుటను పక్కన తెరిస్తే పోలిక ఆసక్తికరంగా ఉంటుంది: 46 షాట్లకు 28, త్రీలు 13కు 7, ఫ్రీ త్రోలు 20కి 18. పాయింట్లు తక్కువైనా, ట్రూ షూటింగ్‌లో ఛాంబర్లెయిన్‌ది దాదాపు 65 శాతమైతే బ్రయంట్‌ది దాదాపు 74. జట్టు పాయింట్లలో తన వంతు కూడా బ్రయంట్‌దే ఎక్కువ. అతని జట్టు లేకర్స్ ఆ రోజు చేసినవి 122.

అయితే ఈ రెండు పుటలను పక్కపక్కన పెట్టినప్పుడు మొదటిదానిలో కొన్ని గడులు ఖాళీగా ఉంటాయి. స్టీళ్లు, బ్లాకులు అధికారికంగా లెక్కించడం 1973–74 సీజన్‌లో మొదలైంది, వ్యక్తిగత టర్నోవర్లు 1977–78లో, త్రీ పాయింట్ల గీత 1979–80లో. ఆ కాలంలో ఎన్నో బ్లాకులు చేసి ఉంటాడని చాలామంది నమ్మే ఛాంబర్లెయిన్ ఖాతాలో అధికారికంగా ఒక్క బ్లాకు కూడా లేకపోవడానికి కారణం ఇదే. ఖాళీ గడిని సున్నగా చూపకుండా ఖాళీగానే ఉంచడం చిన్న విషయంలా కనిపించినా, గణాంకాల సేవకు ఉండవలసిన నిజాయితీ అది.

ఎన్‌బీఏ సొంతంగా నడిపే గణాంకాల విభాగంతో పోల్చకుండా ఈ సమీక్షను ముగించలేం. 2013–14 నుంచి లీగ్ అరీనాలన్నింటిలో పైకప్పున అమర్చిన కెమెరాలు బంతి, ఆటగాళ్ల కదలికలను నమోదు చేస్తున్నాయి; ఎవరు ఎంత దూరం పరుగెత్తారు, ఎన్ని షాట్లకు చేయి అడ్డుపెట్టారు, ఎన్ని పాసులను వేళ్లతో తప్పించారు వంటివి లీగ్ తన సొంత విభాగంలో ఇస్తుంది. స్మిత్ అడ్డుపడటం లాంటి పనికి ఎక్కడైనా జాడ దొరికితే అక్కడే దొరుకుతుంది. పైగా ఇటీవలి సీజన్లలో అంకెను నొక్కితే ఆ సంఘటన వీడియో తెరుచుకుంటుంది. ఇది బాస్కెట్‌బాల్ రెఫరెన్స్ ఇవ్వలేని సౌకర్యం. కాపుదల మీద ఆసక్తి ఉన్నవారికి, ఆటను బొమ్మగా చూసి నేర్చుకోవాలనుకునే కుర్రవాళ్లకు, నేను అధికారిక విభాగాన్నే సూచిస్తాను. ఒక ఆటను తాపీగా చదవడానికి, కొత్తదాన్ని అరవై ఏళ్ల కిందటి దానితో ఒకే తీరు పట్టికలో పోల్చడానికి, అక్షరాలు తప్ప మరే హంగూ లేని పుట కావాలనుకునేవారికి మాత్రం బాస్కెట్‌బాల్ రెఫరెన్సే సరైనది.

వాడకం గురించి కొన్ని మాటలు. పుటలన్నీ ఆంగ్లంలోనే ఉంటాయి, గడుల శీర్షికలన్నీ పొడి అక్షరాలే; కంప్యూటరుపై శీర్షిక మీద బాణం గుర్తు నిలిపితే పూర్తి అర్థం కనిపిస్తుంది, పదాల వివరణకు విడిగా ఒక పుట కూడా ఉంది. ఫోనుపై పట్టికలు వెడల్పుగా ఉండటంతో పక్కకు జరుపుకుంటూ చదవాలి, ప్లస్-మైనస్ గడి దగ్గరికి వెళ్లేసరికి ఏ వరుసలో ఉన్నామో చూసుకుంటూ ఉండాలి. కాబట్టి శ్రద్ధగా చదవదలచినవారు పెద్ద తెరనే ఎంచుకోవడం మంచిది. పట్టికను దించుకుని సొంత లెక్కల పత్రంలో పెట్టుకునే వీలుంది. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో పాఠశాల, కళాశాల జట్లకు శిక్షణ ఇచ్చేవారు ఈ గడుల వరుసనే కాగితంపై గీసుకుని తమ ఆటలకు వాడుకోవచ్చు. షాట్లు, ఫ్రీ త్రోలు, రెండు రకాల రీబౌండ్లు, టర్నోవర్లు నమోదు చేయడానికి జట్టుకొక విద్యార్థి చాలు, నాలుగు కారకాలూ ఆ అంకెలతోనే వచ్చేస్తాయి.

ఖర్చు విషయానికొస్తే, ఆట పుటలు, సంఘటనల వరుస, షాట్ల చిత్రపటం, ప్లస్-మైనస్ చార్టు అన్నీ ప్రకటనలతో పాటు ఉచితం. ఒకే షరతుకు సరిపోయే ఆటలన్నింటినీ చరిత్ర మొత్తంలోంచి జల్లించి ఇచ్చే స్టాట్‌హెడ్ అనే శోధన సాధనానికి మాత్రం చందా కట్టాలి. ఫైనల్స్‌లో 30 పాయింట్లు, 15 రీబౌండ్లు చేసి కూడా ఓడినవారెవరు అన్నలాంటి ప్రశ్నలు తరచుగా వచ్చే పత్రికారచయితలకు అది అవసరం కావచ్చు. రాత్రి జరిగిన ఆట గురించి ఉదయం కాఫీ తాగుతూ తెలుసుకోవాలనుకునేవారు దానికి డబ్బు పెట్టనవసరం లేదు.